డీజిల్ ఫిల్టర్ మార్చిన వారానికే మళ్లీ నల్లబడుతోంది, లోడు మీద పికప్ పడిపోతోంది

ఆకివీడు_12టైర్ • సోమవారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మాది ఆకివీడు పక్కన పల్లె. మాకు ఒకటే లారీ, 12 టైర్ల బీఎస్6 (కొత్త పొగ నియమాల) బండి, 2021లో తీసుకున్నాం. ఇక్కడి చెరువుల చేపను ఐసు వేసి హౌరా మార్కెట్‌కు తీసుకెళ్తుంది. తిరుగు లోడు ఏది దొరికితే అది.

నెల రోజులుగా ఒకటే బాధ. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఒక్కసారిగా పికప్ వదిలేస్తోంది. యాక్సిలరేటర్ నిండా తొక్కినా 30 దాటదు. పక్కకు తీసి ఇంజిన్ ఆపి పావుగంట ఆగితే ఏమీ జరగనట్టు మళ్లీ వెళ్తుంది. ఓ 40 కిలోమీటర్లు పోయాక మళ్లీ అదే. కిందటి ట్రిప్పులో పలాస దాటాక పూర్తిగా ఆగిపోయింది. అక్కడి మెకానిక్ ఫిల్టర్ విప్పితే లోపలి కాగితం నల్లగా, జిగటగా ఉంది. కొత్తది వేసి పంపాడు. భువనేశ్వర్ దాకా బాగానే వెళ్లి బాలాసోర్ దగ్గర మళ్లీ మొదలు. నెలలో మూడు ఫిల్టర్లు మార్చాం. రోడ్డు పక్కన బండి నిలబడింది, ఐసు కరిగిపోతోంది అని ఫోనులో వింటుంటే ఎంత టెన్షనో చేపల లోడు తోలేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆరు గంటలు ఆలస్యమైంది, రేటు పడిపోయింది, ఆ తేడా మా కిరాయిలో కోశారు.

సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి చూసి రైల్ ప్రెషర్, అంటే ఇంజిన్‌కు డీజిల్ పంచే గొట్టంలో ఒత్తిడి, తక్కువ చూపిస్తోంది, హై ప్రెషర్ పంపు మార్చాలి అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నిద్ర లేదు. నిజంగా పంపేనా?

పంపురూం_ఆటోనగర్ • సోమవారం, రాత్రి 10:52

తమ్ముడూ, పంపు జోలికి ఇప్పుడే వెళ్లకు. నేను విజయవాడ ఆటోనగర్‌లో 28 ఏళ్లుగా పంపులు, ఇంజెక్టర్ల (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే భాగాలు) పని చేస్తున్నాను. నువ్వు రాసినదాంట్లో ఒక్క ముక్క చాలు: పావుగంట ఆపితే మళ్లీ మామూలుగా వెళ్తోంది అన్నావు చూడు, అది పంపు జబ్బు కాదు. పంపు అరిగితే ఆగి విశ్రాంతి తీసుకున్నంత మాత్రాన బాగుపడదు.

ట్యాంకులో డీజిల్ పీల్చే గొట్టం ఉంటుంది, దాని అడుగున జాలీ ఉంటుంది. ట్యాంకులో మడ్డి ఉంటే ఇంజిన్ లాగుతున్నంతసేపూ అది వెళ్లి జాలీకి అంటుకుంటుంది. డీజిల్ రాదు, ప్రెషర్ పడిపోతుంది, కంప్యూటర్ అదే చూపిస్తుంది. ఇంజిన్ ఆపగానే లాగుడు ఆగుతుంది, మడ్డి మెల్లగా కిందికి జారుతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు, గాలి పెట్టి గొట్టాన్ని వెనక్కి ఊదుతారు, బండి రెండు రోజులు బ్రహ్మాండంగా వెళ్తుంది, పని అయిపోయింది అనుకుంటారు. ఊదిన మడ్డి ఎక్కడికి పోయింది? ట్యాంకులోకే.

రేపు పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకముందు ఒక పని చెయ్యి. రాత్రంతా బండి కదలకుండా ఉండాలి. ట్యాంకు అడుగున డ్రెయిన్ నట్టు వదులు చేసి మొదట వచ్చే లీటరు ఒక తెల్ల గాజు సీసాలో పట్టు. ప్రైమరీ ఫిల్టర్ కింద నీళ్లు వదిలే మర ఉంటుంది కదా, దానిలోంచి కూడా ఇంకో సీసా పట్టు. రెండూ కదపకుండా సాయంత్రం దాకా పెట్టి, ఏం కనిపించిందో రాయి. అప్పటిదాకా ఇంకో ఫిల్టర్ కొనకు.

టిప్పర్_చీమకుర్తి • సోమవారం, రాత్రి 11:20

బ్రదర్, బంకు మార్చి చూడండి. మా క్వారీ టిప్పర్‌కు ఇలాగే అయింది. బంకు మార్చాక తగ్గింది.

రెండులారీల_లెక్కలు • మంగళవారం, ఉదయం 7:05

నేను మా వారి రెండు లారీల లెక్కలు చూస్తాను. ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటున్నాను, ఏమీ అనుకోకండి. మీ డ్రైవర్‌ను గమనించారా? దారిలో డీజిల్ తీసి అమ్ముకుని, లెవెల్ కనిపించాలని కిరోసినో నీళ్లో కలిపేవాళ్లను నేను చూశాను. మాకు ఒకసారి అలాగే జరిగింది. మైలేజీ లెక్క ట్రిప్పు ట్రిప్పుకీ రాసుకుంటే తెలిసిపోతుంది.

ఆకివీడు_12టైర్ • మంగళవారం, ఉదయం 7:40

మా డ్రైవర్ 11 ఏళ్లుగా మాతో ఉన్నాడండీ. అలాంటివాడు కాదు. కానీ మీరు అన్నాక మనసులో ఒక ముల్లు పడ్డట్టు ఉంది. నిజం చెప్తున్నాను, ఇందాక అతను ఫోను చేస్తే సరిగ్గా మాట్లాడలేకపోయాను.

హైవే16_డ్రైవర్ • మంగళవారం, ఉదయం 9:30

నేను డ్రైవర్‌ని. 19 ఏళ్లుగా ఇదే రోడ్డు. అక్కా, మీకు జరిగింది అబద్ధం అనను. అలాంటివాళ్లు ఉన్నారు. కానీ ఒక్క విషయం ఆలోచించండి. ట్యాంకులో నీళ్లు పోస్తే నడి రోడ్డు మీద, అర్ధరాత్రి, వానలో, లోడు బండితో ఇరుక్కునేది ఎవరు? మేమే. చేత్తో డీజిల్ ఎక్కించే ప్రైమర్ పంపు కొట్టీ కొట్టీ బొటనవేలు వాచేది మాకే. ఆలస్యం అయితే పార్టీ తిట్లు, ఓనరు తిట్లు మాకే. తాను నడిపే బండి ట్యాంకులో ఏ డ్రైవరూ ఊరికే నీళ్లు పోసుకోడు.

ఆకివీడు అన్నా, సీసా ఫలితం రాకముందే మీ డ్రైవర్‌ను ఏమీ అనకండి. 11 ఏళ్లు పనిచేసిన మనిషికి ఓనరు గొంతు మారితే వెంటనే తెలుస్తుంది.

ఆకివీడు_12టైర్ • మంగళవారం, సాయంత్రం 6:50

సీసాలు చూశాను. ట్యాంకు సీసాలో మూడు పొరలు తేరాయి. పైన డీజిల్, కొంచెం మబ్బుగా ఉంది. అడుగున రెండు వేళ్ల మందం నీళ్లు, టీ డికాక్షన్ రంగులో. ఆ రెండింటి మధ్య నల్లటి పొర, పాకుడులాగా, సీసా వంచితే ముక్కలు ముక్కలుగా వేలాడుతోంది. పుల్లటి, కుళ్లిన కోడిగుడ్డు లాంటి వాసన. ఫిల్టర్ సీసాలో దాదాపు సగం నీళ్లే.

అన్నట్టు డాష్‌బోర్డు మీద ఫిల్టర్‌లో నీళ్లు అని చూపించే పసుపు లైటు రెండు నెలలుగా వెలిగి ఆరుతూ ఉందట. సెన్సర్ వైరు పోయిందేమో అనుకున్నాడట మా డ్రైవర్.

పంపురూం_ఆటోనగర్ • మంగళవారం, రాత్రి 9:15

ఆ లైటు వైరు పోయి వెలగలేదు తమ్ముడూ, నిజమే చెప్పింది. మధ్యలో నల్లటి పొర అన్నావే, అదే నీ ఫిల్టర్లను తింటున్నది. నీళ్లు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగుకు చేరతాయి. నీళ్లూ డీజిలూ కలిసే గీత దగ్గర అది పుడుతుంది. ఫిల్టర్లు మార్చినంత మాత్రాన పోదు. అది ట్యాంకులో కాపురం పెట్టింది.

ఇదంతా ఎందుకు ఇంత పట్టించుకోవాలో కుర్రాళ్ల కోసం చెప్తాను. పాత బండ్లలో పంపు, నాజిల్ కాస్త మురికిని ఓర్చుకునేవి. ఇప్పటి కామన్ రైల్‌లో, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ వెళ్లే పద్ధతిలో, ప్రెషర్ 1600 బార్లు, కొన్నిట్లో 2000 బార్లు. నీ లారీ టైరులో గాలి 8 బార్ల దగ్గర ఉంటుంది, పోల్చుకో. ఇంజెక్టర్ లోపల కదిలే భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఆ సందులో డీజిలే నూనెగా పనిచేస్తుంది. అక్కడికి నీటి చుక్క వస్తే నూనె పొర తెగి ఇనుముకు ఇనుము రాసుకుంటుంది. కొసకు చేరిన నీళ్లు ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరైతే నాజిల్ కొసే పగలొచ్చు. నా బల్ల మీద అలాంటివి ఎన్నో విప్పాను. ఆరు ఇంజెక్టర్లు మార్చాల్సి వస్తే లక్ష దాటుతుంది, అదీ నీళ్లు కనిపిస్తే వారంటీ ఇవ్వరు. నీకు ఇంకా అంతదాకా రాలేదు, సంతోషించు. నీళ్లు విడదీసే ఆ ప్రైమరీ ఫిల్టరు, అదే సెపరేటర్, తన పని తాను చేసింది కాబట్టే ఆగింది.

ట్యాంకు దించి కడగాలి. వేరే దారి లేదు. దానికంటే ముఖ్యం నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో కనిపెట్టడం. అది తేలకపోతే మూడు నెలల్లో మళ్లీ ఇక్కడే రాస్తావు.

ఆక్వాల్యాబ్_భీమవరం • మంగళవారం, రాత్రి 10:05

నేను భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. లారీల గురించి తెలియదు, ఆ నల్ల పొర గురించి కొంచెం చెప్పగలను. మనవాళ్లు దాన్ని నాచు అంటుంటారు. నాచు కాదు. నాచుకు వెలుతురు కావాలి, ట్యాంకులో చీకటి. అది ఫంగస్, బ్యాక్టీరియా కలిసి కట్టుకున్న జిగురు పొర. అవి నీళ్లలో బతుకుతూ డీజిల్‌ను తింటాయి. వాటిలో బాగా పేరున్న ఫంగస్ హార్మోకోనిస్ రెజీనే, కిరోసిన్ ఫంగస్ అని కూడా అంటారు. విమానాల ఇంధన ట్యాంకుల్లోనూ అది పెద్ద తలనొప్పే. మన గోదావరి జిల్లాల వేడి, తేమ దానికి సరిగ్గా సరిపోతాయి.

పుల్లటి వాసన అవి వదిలే ఆమ్లాలది. కోడిగుడ్డు వాసన గాలి తగలని అడుగున పెరిగే ఇంకో రకం బ్యాక్టీరియాది, చెరువు అడుగు మట్టి కుళ్లినప్పుడు వచ్చే వాసనే. ఆ ఆమ్లాలు ఇనుప ట్యాంకును లోపలి నుంచి తినేస్తాయి. నీళ్లు లేకపోతే ఇవి పెరగలేవు. చంపే మందులు ఉన్నాయి గానీ నీళ్లు తీయకుండా మందు పోయడం అంటే అడుగు కుళ్లిన చెరువులో మందు చల్లడమే.

బంకు_మేనేజరు • బుధవారం, ఉదయం 8:20

నేను బంకులో మేనేజరుగా పనిచేస్తున్నాను. బంకు మార్చండి అన్నారు కాబట్టి మా వైపు నుంచి నాలుగు మాటలు. బంకులో తప్పు జరగదని చెప్పను. భూమిలోని ట్యాంకు మూత దగ్గర వాన నీళ్లు దిగే ప్రమాదం ఉంది. అందుకే లోతు కొలిచే డిప్ కడ్డీకి నీళ్లు కనిపెట్టే పేస్టు రాసి దించుతాం, నీళ్లు తగిలినంత మేర దాని రంగు మారుతుంది. ట్యాంకర్ వచ్చినప్పుడు డెన్సిటీ చూసి, 15 డిగ్రీల దగ్గరకు లెక్కగట్టి చలానాలోని అంకెతో పోలుస్తాం. తేడా ఘనమీటరుకు 3 కిలోలు దాటితే దించుకోకూడదు. మీరు అడిగితే మీ ముందే హైడ్రోమీటరుతో డెన్సిటీ చూపించాలి. కొలత మీద అనుమానం ఉంటే 5 లీటర్ల కొలపాత్రతో పట్టి చూపించాలి, 25 మిల్లీలీటర్ల తేడా వరకే ఒప్పు. కొలత ఫిర్యాదు తూనికలు కొలతల శాఖకు, నాణ్యత ఫిర్యాదు ఆయిల్ కంపెనీకి, పౌర సరఫరాల శాఖకు ఇవ్వొచ్చు.

కానీ డెన్సిటీ సరిగ్గా ఉందంటే నీళ్లు లేవని కాదు. నీళ్లు అడుగున ఉంటాయి, మీరు చూసేది పైది. బీఎస్6 ప్రమాణం ప్రకారం డీజిల్‌లో నీళ్లు కిలోకు 200 మిల్లీగ్రాములకు మించకూడదు. ఆకివీడు గారి సీసాలో రెండు వేళ్లు ఉన్నాయి. ఒక్క బంకు నుంచి అన్ని నీళ్లు వచ్చి ఉంటే ఆ రోజు అక్కడ పోయించుకున్న బండ్లన్నీ అదే దారిలో ఆగి ఉండేవి. అది కనుక్కోండి. రసీదులు దాచి ఉంటే ఏ తేదీన ఎక్కడ పోయించారో తెలుస్తుంది.

టిప్పర్_చీమకుర్తి • బుధవారం, ఉదయం 8:45

మేనేజరు గారూ, మంచి మాట చెప్పారు. నేను ఒక విషయం పూర్తిగా రాయలేదు. మాకు అప్పట్లో డీజిల్ బంకులోది కాదు. క్వారీ దగ్గరకు బయోడీజిల్ అని తక్కువ రేటుకు చిన్న ట్యాంకర్‌లో తెచ్చి పోసేవాళ్లు. బిల్లు లేదు. లీటరుకు మిగిలింది చూసుకున్నాం. తర్వాత నాలుగు ఇంజెక్టర్లు పోయాయి.

పంపురూం_ఆటోనగర్ • బుధవారం, మధ్యాహ్నం 1:10

అలా తెచ్చేవాటిలో ఏం ఉంటుందో అమ్మేవాడికే తెలియదు. పరిశ్రమల్లో వాడే ఏవో నూనెలు కలిపి ఆ పేరుతో అమ్ముతారు. అసలైన బయోడీజిల్ అయినా మామూలు డీజిల్ కన్నా ఎక్కువ నీళ్లు పట్టుకుంటుంది, పాత ట్యాంకులో పోస్తే గోడల మడ్డి ఊడదీస్తుంది. బిల్లు లేని డీజిల్ బండిలో పోయొద్దు, ఎంత చౌకైనా.

నీళ్లు వచ్చే మిగతా దారులు కూడా చెప్తాను. కామన్ రైల్‌లో వాడగా మిగిలిన డీజిల్ వేడెక్కి ట్యాంకులోకే తిరిగి వస్తుంది. రాత్రి బండి ఆపాక ట్యాంకు చల్లబడుతుంది, ఖాళీ జాగాలోని తేమ గాలి గోడలకు చెమటలా పట్టి కిందికి కారుతుంది. పావు ట్యాంకుతో రాత్రి ఆపే బండికి ఇది ఎక్కువ. రెండోది మూత. రబ్బరు వాషరు లేని మూత ఉంటే వాన మొత్తం లోపలికే. మూడోది ట్యాంకు గాలి పీల్చే సన్న గొట్టం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు, నీళ్లలో నిలిచిన బండ్లు నెల దాటినా మా దగ్గరకు వస్తూనే ఉన్నాయి. ఆ గొట్టం మునిగి నీళ్లు తాగేశాయి. ఓనర్లకు తెలియక తాళం తిప్పారు. తిప్పకుండా తెచ్చినవాళ్లకు ట్యాంకు కడుగుడుతో పోయింది, తిప్పినవాళ్లకు పంపు పోయింది.

జగిత్యాల_దుబాయ్ • బుధవారం, సాయంత్రం 4:30

అన్నలకు నమస్తే. మాది జగిత్యాల దిక్కు, తొమ్మిదేళ్లుగా ఇక్కడ దుబాయ్‌లో ట్రైలర్ నడుపుతున్నాను. ఎడారిలో నీళ్లు ఎక్కడివి అనుకుంటారు. ఎండాకాలం రాత్రి సముద్రం పక్కన గాలిలో తేమ ఎంత ఉంటుందంటే పొద్దున అద్దాల మీద నీళ్లు కారుతుంటాయి. ట్యాంకు లోపల కూడా అంతే. అందుకే మా యార్డులో రాత్రి ఆపేముందు ట్యాంకు నింపాలి, పొద్దున స్టార్ట్ చేయకముందు సెపరేటర్ మర తిప్పి నీళ్లు వదలాలి, సూపర్‌వైజర్ వచ్చి చూస్తాడు. రెండు నిమిషాల పని. పొద్దునే ఎందుకంటే రాత్రంతా బండి కదలదు కాబట్టి నీళ్లు తేరి ఉంటాయి. నడిచి వచ్చిన బండిలో నీళ్లు కలిసిపోయి ఉంటాయి, సరిగ్గా దిగవు.

ఆకివీడు_12టైర్ • బుధవారం, రాత్రి 11:40

ఇది రాయడానికి చాలాసేపు పట్టింది.

బంకు మేనేజరు గారు చెప్పినట్టు రసీదులు తీసి మా డ్రైవర్‌తో కూర్చున్నాను. ప్రతి రసీదు ఉంది, వెనక కిలోమీటర్లు కూడా రాసి పెట్టాడు. మైలేజీ ఎక్కడా తేడా లేదు. లెక్క చూస్తుండగా అతనే మెల్లగా అన్నాడు, "బాబూ, బండి మళ్లీ తీసిన రోజు పోసిన డీజిల్ ఏది?" అని.

నాన్నగారి ఆపరేషన్ కోసం వర్షాకాలంలో 50 రోజులు బండి నిలిపేశాం. ట్యాంకులో పావు కూడా లేదు. మళ్లీ తీసిన రోజు పొద్దున బంకు దాకా వెళ్లే ఓపిక లేక, మా రొయ్యల చెరువు గట్టు మీద, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల జనరేటర్ కోసం పెట్టిన 200 లీటర్ల డ్రమ్ములోంచి 60 లీటర్లు నేనే తోడి పోశాను. పోసింది నేను. డ్రైవర్ కాదు. ఆ డ్రమ్ము వానాకాలమంతా గట్టు మీద ఆరుబయట నిలబెట్టి ఉంది.

ఇవాళ టార్చి వేసి చూశాను. డ్రమ్ము పై అంచు చుట్టూ గట్టులా ఉంటుంది కదా, వాన పడితే దానిలో నీళ్లు నిలబడతాయి. బిరడాలు రెండూ ఆ నీళ్లలోనే మునిగి ఉన్నాయి. కర్ర దించి తీస్తే అడుగున జానెడు నీళ్లు.

పంపురూం_ఆటోనగర్ • గురువారం, ఉదయం 6:30

దొరికింది. బిరడా బిగించి ఉన్నా నీళ్లు దిగుతాయి తమ్ముడూ. పగలు ఎండకు డ్రమ్ము వేడెక్కి లోపలి గాలి బయటికి పోతుంది. సాయంత్రం వాన పడి చల్లబడితే లోపల లాగుడు పుడుతుంది, బిరడా మర సందులోంచి పైన నిలిచిన నీళ్లను పీల్చుకుంటుంది. రోజూ కొంచెం కొంచెం. డ్రమ్మును బయట పెట్టాల్సి వస్తే పడుకోబెట్టి, రెండు బిరడాలూ ఒకే ఎత్తులో, డీజిల్ మట్టానికి కింద ఉండేట్టు తిప్పాలి. నిలబెట్టక తప్పకపోతే కింద ఒక పక్క చెక్క పెట్టి వంచాలి, నీళ్లు బిరడాలకు దూరంగా చేరాలి. చెరువుల దగ్గర డ్రమ్ములన్నీ నిటారుగా నిలబెట్టే ఉంటాయి, మీ వైపు వచ్చినప్పుడల్లా చూస్తుంటాను. జనరేటర్ కూడా ఒకసారి చూసుకో. అర్ధరాత్రి అది ఆగితే నీ రొయ్యలకు ఆక్సిజన్ ఉండదు.

కొత్తబండి_నల్గొండ • గురువారం, ఉదయం 10:10

మధ్యలో వచ్చినందుకు క్షమించండి, అర్జంటు. మా క్లీనర్ కొత్తవాడు. పొగ శుద్ధికి వాడే డెఫ్ యూరియా క్యాన్‌లోంచి ఓ 10 లీటర్లు పొరపాటున డీజిల్ ట్యాంకులో పోశాడు. బండి ఇంకా స్టార్ట్ చేయలేదు. ట్యాంకు నిండా డీజిల్ ఉంది, కలిసిపోతుంది కదా, నడపొచ్చా?

పంపురూం_ఆటోనగర్ • గురువారం, ఉదయం 10:16

తాళం ఆన్ కూడా చేయొద్దు. బ్యాటరీ కట్ స్విచ్ తీసెయ్యి. డెఫ్ అంటే మూడింట రెండు వంతుల పైగా నీళ్లు, మిగతాది యూరియా. డీజిల్‌లో కలవదు, అడుగుకు దిగుతుంది, పీల్చే గొట్టం ఉన్నది అక్కడే. పంపు, ఇంజెక్టర్లలోకి వెళ్లి ఆరితే తెల్లగా గడ్డకట్టి పట్టేస్తుంది. మెకానిక్‌ను బండి దగ్గరకే పిలిపించి ట్యాంకు ఖాళీ చేయించి కడిగించు. పిల్లాడిని కొట్టకు, నీలం మూత ఎందుకు నీలమో చూపించి చెప్పు.

కొత్తబండి_నల్గొండ • గురువారం, సాయంత్రం 5:20

స్టార్ట్ చేయకపోవడం మంచిదైంది అన్నారు ఇక్కడి మెకానిక్. లైన్లలోకి వెళ్లలేదు. ధన్యవాదాలు అన్నా.

ఆకివీడు_12టైర్ • శనివారం, రాత్రి 9:00

ఇవాళ ఆటోనగర్‌లో ట్యాంకు దించాం. ఎవరికైనా పనికొస్తుందని అంతా రాస్తున్నాను.

ట్యాంకు 365 లీటర్లది. ముందుగా ఖాళీ చేశారు. పై డీజిల్ ఒక డ్రమ్ములోకి, అడుగుది వేరే డ్రమ్ములోకి. కడిగే కుర్రాడు ఆ నల్లనీళ్లు పక్క కాలవలో పోయబోతే మా డ్రైవరే ఆపాడు. చెరువుల మీద బతికేవాళ్లం, డీజిల్ పడిన నీళ్లు చేపను ఏం చేస్తాయో మాకు తెలుసు. పాత ఇంజిన్ ఆయిల్ కొనేవాళ్లకు అప్పగించాం. ఫ్లోటు, పీల్చే గొట్టం బయటికి తీశారు. జాలీ మీద మడ్డి ఎంత మందం ఉందంటే మధ్యలో చిటికెన వేలంత జాగా మిగిలింది. ఎన్ని ఫిల్టర్లు మార్చినా అది కనిపించేది కాదు.

పక్క షెడ్డులో ఒకాయన ట్యాంకులో కంకర చిప్స్ వేసి దొర్లిస్తున్నాడు. మనదీ అలా చేద్దామా అంటే పంపురూం అన్న వద్దన్నారు. లోపలి పూత గీసుకుపోయి రెండు నెలల్లో తుప్పు మొదలవుతుందట. వేడినీళ్లు, సబ్బు పొడితో మూడుసార్లు, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, గాలి పెట్టి, ఎండలో సాయంత్రం దాకా బోర్లించి ఆరబెట్టారు. టార్చి వేసి మూలలన్నీ చూసి, శుభ్రమైన డీజిల్ అయిదు లీటర్లు తిప్పి పారబోసి అప్పుడు ఎక్కించారు. వెనక్కి వచ్చే గొట్టం, ముందుకు వెళ్లే గొట్టం రెండూ ఊదారు. ట్యాంకు పట్టీ దగ్గర చిన్న చెమ్మ కనిపిస్తే వెల్డింగ్ పెడదామన్నాను. కడిగిన ట్యాంకైనా మంట దగ్గరకు తేకూడదు, మూలల్లో ఆవిరి మిగిలితే పేలుతుంది అని గట్టిగా చెప్పారు. చూస్తే అది చెమ్మే, కారడం కాదు.

మూత కూడా మార్చాం. తాళం ఉంటుందని కొన్న లోకల్ మూతకు లోపల రబ్బరే లేదు.

పంపురూం_ఆటోనగర్ • శనివారం, రాత్రి 9:35

రెండు ముక్కలు కలుపుతాను. కొత్త ఫిల్టర్‌లో డీజిల్ నింపి బిగిస్తే తొందరగా స్టార్ట్ అవుతుందని చాలామంది క్యాన్‌లోది పోస్తారు. పంపుకు ముందుండే సెకండరీ ఫిల్టర్‌లో అలా పోయొద్దు. వడకట్టని డీజిల్ నేరుగా పంపులోకి వెళ్తుంది. ఖాళీగా బిగించి హ్యాండ్ ప్రైమర్ గట్టిపడేదాకా కొట్టండి, ఓపిక కావాలి అంతే. ఎయిర్ తీయడానికి పాత బండ్లలో చేసినట్టు ఇంజిన్ తిరుగుతుండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేయడం కామన్ రైల్‌లో ప్రాణం మీదకు తెస్తుంది. లీకు ఉందేమో అని చెయ్యి పెట్టి చూడకండి. ఆ ప్రెషర్‌కు డీజిల్ సూదిలా చర్మంలోకి దూరుతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల చెయ్యి పాడవుతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లీకు చూడాలంటే దూరం నుంచి అట్ట ముక్క పెట్టండి.

హైవే16_డ్రైవర్ • శనివారం, రాత్రి 10:00

అన్నా, షాపుల్లో ట్యాంకు క్లీన్ చేసే మందు సీసాలు అమ్ముతారు కదా. ట్యాంకు దించకుండా అది పోస్తే చాలదా? మా ఓనరు అడుగుతున్నారు.

పంపురూం_ఆటోనగర్ • శనివారం, రాత్రి 10:20

ల్యాబ్ తమ్ముడు చెప్పిందే నా మాట కూడా. కొంచెం చెమ్మ, కొంచెం పొర ఉంటే, ముందు నీళ్లు పూర్తిగా వదిలి, సూక్ష్మజీవుల్ని చంపే మందు కంపెనీ చెప్పిన కొలతలో పోయొచ్చు. అయితే చచ్చిన పొర ఊడి ఫిల్టర్లకే వస్తుంది, మొదటి వెయ్యి కిలోమీటర్లలో ఒకటి రెండు ఫిల్టర్లు పట్టేస్తాయి. బండిలో స్పేర్ పెట్టుకునే బయల్దేరాలి. నీళ్లను డీజిల్‌లో కలిపేసి కాల్చేస్తాం అనే రకం సీసాలు కూడా వస్తాయి. కామన్ రైల్ బండికి నేను వాటిని వాడను. సెపరేటర్ విడదీయాల్సిన నీళ్లను కలిపి పంపుదాకా తీసుకెళ్తాయి.

రెండులారీల_లెక్కలు • ఆదివారం, ఉదయం 8:15

హైవే16 తమ్ముడూ, ఆకివీడు గారి డ్రైవర్ గారికి కూడా, చూడకుండా అలా అనడం నా తప్పు. మా బండ్ల మూతలు రెండూ నిన్న తీయించి చూశాను. ఒకదానికి రబ్బరు చిట్లి ఉంది. మార్పించాను.

హైవే16_డ్రైవర్ • ఆదివారం, ఉదయం 8:40

పర్వాలేదు అక్కా. మీరు మూత చూశారు, అది చాలు.

ఆకివీడు_12టైర్ • పదిహేను రోజుల తర్వాత, ఉదయం 7:20

రెండు ట్రిప్పులు అయ్యాయి. నిండు లోడు, ఎక్కడా పికప్ పడలేదు. రైల్ ప్రెషర్ మళ్లీ చూపించాం, సరిగ్గా ఉంది. పంపు మార్చాల్సిన పని లేదన్నారు. తిరిగి వచ్చాక అన్న చెప్పినట్టు ప్రైమరీ ఫిల్టర్ విప్పి కోసి కాగితం పరిచి చూశాం. లేత గోధుమ రంగు, మడతల్లో రెండు మూడు నల్ల చుక్కలు. అవి పాత గొట్టాల్లో మిగిలినవి అయి ఉంటాయన్నారు. ఇంకో ట్రిప్పు తర్వాత మళ్లీ చూస్తాం.

గట్టు మీద డ్రమ్ము ఖాళీ చేసి రేకుల కింద స్టాండు మీద పడుకోబెట్టాను. జనరేటర్ ఫిల్టర్‌లోనూ నీళ్లే ఉన్నాయి, మార్చాం. పక్క చెరువుల వాళ్లు ఇద్దరు వచ్చి చూసి తమ డ్రమ్ములు కూడా మార్చుకున్నారు.

మా డ్రైవర్‌కు ఆ రెండు రోజులు నా మనసులో ఏముందో చెప్పేశాను. "తెలుసు బాబూ" అన్నాడు, ఇంకేం అనలేదు. ఇప్పుడు రోజూ పొద్దున బండి తీయకముందు సెపరేటర్ నీళ్లు వదిలి, సీసాలో పట్టి ఫొటో పంపుతున్నాడు. ఇవాళ్టిది ఇచ్ఛాపురం దాబా దగ్గర నుంచి అయిదున్నరకు వచ్చింది. సీసా వెనక ఉన్న లారీ నెంబరు ప్లేటు చదవగలిగేంత తేటగా ఉంది డీజిల్.